ఆ ముప్పై రోజుల్లో మాకు నేర్పేదెవరు? రవాణా శాఖకు గోదావరి డెల్టా నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కాకినాడ, ఏలూరు జిల్లాల రవాణా అధికారులకు, మా ప్రాంతపు మోటారు వాహనాల తనిఖీ అధికారులకు నమస్కరించి రాయునది.

నేను కోనసీమలో ఒక లంక గ్రామానికి చేరువలో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయినిని. మా ఇంటికీ బడికీ మధ్య ఒక గోదావరి పాయ, దానిని దాటించే పంటు, ఆ తరువాత ఏడు కిలోమీటర్ల గట్టు దారి ఉన్నాయి. రేవులో ఆటో నిండేదాకా కూర్చొని మొదటి గంట పాఠానికి ఆలస్యంగా చేరడం చాలా ఏళ్లు అలవాటుగా సాగిన మీదట, నలభై నాలుగో ఏట స్కూటర్ నేర్చుకొని లైసెన్సు తీసుకున్నాను. అది జరిగి నాలుగేళ్లయింది. మా బడిలో చదివి పద్దెనిమిది నిండిన ప్రతి అబ్బాయీ అమ్మాయీ నేను నడిచిన దారిలోనే, నాకన్నా తక్కువ నేర్చుకొని, నాకన్నా వేగంగా లైసెన్సు చేతికి తెచ్చుకోవడం ఏటా చూస్తున్నాను గనుక ఈ లేఖ రాయక తప్పలేదు.

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారమూ, ఆ మరుసటి ఏడు వచ్చిన కేంద్ర నియమావళి ప్రకారమూ లైసెన్సు కోరే మనిషి ముందుగా ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవారికిచ్చే తాత్కాలిక లైసెన్సు, తీసుకోవాలి. అది ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న నాటి నుంచి కనీసం ముప్పై రోజులు గడవనిదే డ్రైవింగ్ పరీక్షకు రానివ్వరు. ఆ నెల రోజుల్లో మనిషి బండి నేర్చుకోవాలన్నదే ఈ గడువు ఉద్దేశమని వేరే చెప్పనక్కరలేదు. అయితే ఎవరి దగ్గర నేర్చుకోవాలి, ఎక్కడ నేర్చుకోవాలి, ఏమేమి నేర్చుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ మా మండలంలో జవాబు చెప్పేవారు లేరు. కారు నేర్పే డ్రైవింగ్ స్కూళ్ల బోర్డులు పట్టణాల్లో కనబడుతూనే ఉంటాయి. వాటిలో ఒకదానికి వెళ్లి స్కూటర్ కూడా నేర్పుతారా అని అడిగితే, బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు నవ్వి, "స్కూటర్‌కి స్కూలెందుకండీ, ఇంట్లో ఎవరో ఒకరు నేర్పేస్తారు కదండీ" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. రాష్ట్రం మొత్తం అనుకుంటున్న మాటనే అతను పైకి అన్నాడు.

ఇంట్లోవాళ్లు నేర్పే పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది. సాయంత్రం చల్లబడ్డాక బండిని గట్టు మీదికి తీసుకుపోతారు. నేర్చుకునే మనిషిని ముందు కూర్చోబెట్టి, వెనక కడ్డీ పట్టుకొని తమ్ముడో భర్తో పరుగెత్తుతూ "బాలెన్సు, బాలెన్సు" అని అరుస్తారు. బాలెన్సు దొరికిన రోజే చదువు పూర్తయినట్టు లెక్క. ఆ మర్నాడు సంతకు వెళ్లి కూరగాయలు తెస్తాం.

ఇందులో చట్టం బాధ్యత కూడా కొంత ఉందని మనవి చేస్తున్నాను. నేర్చుకునేవారి గురించి కేంద్ర నియమావళిలోని మూడో నియమం ఏమంటున్నదంటే, పక్కన లైసెన్సు గల శిక్షకుడు ఉండాలి, అతను బండిని అదుపు చేయగల లేదా ఆపగల చోట కూర్చొని ఉండాలి, బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం ఉండాలి. కారుకు ఇది చక్కగా సరిపోతుంది. శిక్షకుడి కాలి కింద మరో బ్రేకు పెట్టుకుంటే చాలు. స్కూటర్ వెనక సీటులో కూర్చున్న మనిషి చేతికి ఏ బ్రేకూ అందదు. మోటారు సైకిల్ నేర్చుకునేవారు శిక్షకుడిని తప్ప మరెవ్వరినీ ఎక్కించుకోరాదని అదే నియమం చెబుతున్నది గాని, ఆ వెనక కూర్చున్న శిక్షకుడు ప్రమాదం ఎదురైనప్పుడు చేయగలిగింది కళ్లు మూసుకోవడమే. ఈ నియమం రాసినవారి మనసులో కారు ఉందన్నది స్పష్టం. ఎల్ బోర్డు కట్టిన మోటారు సైకిల్‌ను మా మండలంలో ఈ నాలుగేళ్లలో నేను ఒక్కటి కూడా చూడలేదు. నా స్కూటర్‌కు అట్టముక్క మీద ఎర్ర రంగుతో ఎల్ రాసి కట్టుకుంటే, అది ఏ పార్టీ గుర్తని పంటు మీద ఒక పెద్దాయన అడిగారు.

నలభై దాటినవారు ఫారం 1ఏ మీద వైద్యుడి ధ్రువపత్రం తేవాలి గనుక తెచ్చాను. ఎల్ఎల్ఆర్ పరీక్షలో ఉత్తీర్ణురాలినయ్యాను. ముప్పై రోజులూ గడిచాక స్లాట్ తీసుకొని పరీక్షకు వెళ్లాను. ట్రాక్ మీద ఎనిమిది అంకె గీసి ఉంది. అంతకు ముందు దాన్ని నేను కంటితో చూడలేదు. పరీక్ష రోజున తప్ప ఆ ట్రాక్ మీదికి ఎవరినీ రానివ్వరట. నా ముందు పదిమంది కుర్రవాళ్లు ఒంటిచేత్తో తిప్పినట్టు తిప్పి వచ్చేశారు. నా వంతు రాగానే, రెండు సున్నాలూ కలిసే చోట ముందు చక్రం గీత దాటుతుందేమోనని దాని వైపే చూస్తూ ఉండగా బండి ఒరిగింది, కాలు నేలకు ఆనింది. ఇన్‌స్పెక్టర్ గారు మర్యాదగానే "ఇంకోసారి రండమ్మా" అన్నారు. ఏడు రోజుల తరువాత మళ్లీ రావచ్చని నిబంధన. ఎక్కడ తప్పు చేశానో, ఆ ఏడు రోజుల్లో ఏమి సరిదిద్దుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పడం వారి పని కాదు కూడా. వారు పరీక్షించడానికే వచ్చారు.

ఆ పని మా బడి పీఈటీ మాస్టారు చేశారు. ఆదివారం ఉదయం ఆరింటికి ఆట స్థలంలో కబడ్డీ కోర్టుకు వాడే సున్నంతో ఎనిమిది గీసి, మలుపుల దగ్గర కొబ్బరి డొక్కలు పెట్టారు. నేను మొదటి చుట్టులోనే రెండు డొక్కలు తొక్కించాను. ఆయన బండి ఆపించి ఒకే మాట అన్నారు: "చక్రాన్ని చూడకండి మేడం గారూ. ఎక్కడికి వెళ్లాలో అక్కడ చూడండి, బండి మీ చూపు వెంటే వస్తుంది." తరువాత ఎక్స్‌లేటరు సన్నగా ఒకే తీరున పట్టుకొని, వెనక బ్రేకును కొద్దిగా తాకిస్తూ నెమ్మదిగా తిప్పడం చూపించారు. ముప్పావు గంటలో నాకు ఎనిమిది వచ్చేసింది. ముప్పై రోజుల్లో రానిది ముప్పావు గంటలో ఎలా వచ్చిందని ఆ రోజంతా ఆలోచించాను. రెండో పరీక్షలో ఇన్‌స్పెక్టర్ గారు నన్ను గుర్తుపట్టి, "ఎవరో నేర్పినట్టున్నారే" అన్నారు.

ఎనిమిది అంకె పరీక్ష వట్టి తంతు అని చాలామంది అనగా విన్నాను. నేను ఆ మాట అనను. బండిని నడక వేగంలో, కాలు దించకుండా, ఇరుకు చోట తిప్పగలగడం మా ప్రాంతంలో రోజూ కావలసిన విద్య. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికో, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికో పంటు మీద దాటిన వారికి ఇది తెలుసు. తడిసిన రేవు వాలులో బండిని దించి, పలక మీదుగా పంటు పైకి ఎక్కించి, అప్పటికే నిలబెట్టిన బండ్ల మధ్య రెండడుగుల సందులో ఆపాలి. అక్కడ తడబడితే పోయేది మార్కు కాదు, బండి. కాబట్టి ఆ ఎనిమిదిని ఉంచండి. నా అభ్యంతరమల్లా, పరీక్ష దానితోనే మొదలై దానితోనే ముగియడం గురించి.

లైసెన్సు చేతికొచ్చిన అయిదు నెలలకు, దాళ్వా (రెండో పంట) కోతల రోజుల్లో, నేను గట్టు మలుపులో పడ్డాను. రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, ఒక పక్కన బరకం మడిచి పెట్టి ఉన్నారు. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. నేను ఎడమకు తిరుగుతూ ధాన్యం మీదికి వెళ్లి, హాండిల్ ఇంకా వంకరగా ఉండగానే కుడిచేతి బ్రేకు గట్టిగా పట్టాను. ముందు చక్రం కింద గింజలు గోళీల్లా దొర్లాయి. బండి పక్కకు జారిన తీరు ఎంత నెమ్మదిగా అనిపించిందంటే, పడుతున్నానని తెలిసి కూడా బ్రేకు వదలలేదు. మోచేయి చెక్కుకుపోయింది, మణికట్టు నెలరోజులు కట్టు కట్టుకుంది. ధాన్యం తాలూకు రైతు పరుగెత్తుకొచ్చి నన్ను లేపి, మజ్జిగ ఇచ్చి, "మీరెందుకండీ దానిమీద బ్రేకేశారు" అని బాధపడ్డారు. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు ఘర్షణ పాఠం చెబుతున్న నేను ఏమని సమాధానం చెప్పను?

ఆ తరువాత ఆ పాఠాన్ని బండి మీద కూర్చొని మళ్లీ చదువుకున్నాను. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది. అందువల్ల పొడి తారు రోడ్డు మీద, బండి తిన్నగా ఉన్నప్పుడు, ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. మా ఊళ్లో నేర్పే పెద్దలందరూ దీనికి తలకిందులుగా, "ముందు బ్రేకు ముట్టుకోకు, ఎగిరి పడతావు" అని భయపెట్టి పంపిస్తారు. ఫలితంగా అత్యవసరంలో ఒక్క వెనక బ్రేకే తొక్కి, చక్రం బిగుసుకుపోయి, పాములా ఊగుతూ వెళ్లి తగిలేవారు కొందరు, నాలాగా వంపులో ముందు బ్రేకు బిగించి జారేవారు మరికొందరు. రెండు బ్రేకులూ కలిపి, క్రమంగా ఒత్తిడి పెంచుతూ, హాండిల్ తిన్నగా పెట్టుకొని ఆపడం నేర్చుకోవలసిన విద్య. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం రెండు చక్రాలకూ కలిపి బ్రేకు పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మంచి నియమం. కాని నా స్కూటర్ ఎడమచేతి బ్రేకు పడితే ముందు చక్రానికీ కొంత పడుతుందన్న సంగతి నాకు అమ్మినవారు చెప్పలేదు, పరీక్షలో అడగలేదు. పడిన తరువాత బండితో ఇచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే తెలిసింది.

పదో తరగతి పిల్లల చేత ఒక లెక్క చేయిస్తుంటాను. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డం వచ్చిన గేదెను చూసి చెయ్యి బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, బ్రేకు పడకముందే 11 మీటర్లు పోతాం. పొడి రోడ్డు మీద ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గుతుందనుకుంటే ఆగడానికి మరో 12 మీటర్లు, మొత్తం 23. అదే 60 కిలోమీటర్ల వేగంలో 44 మీటర్లు దాటుతుంది. ధాన్యమో బురదో ఉండి పట్టు సగమైతే, 40 కిలోమీటర్ల వేగానికే 36 మీటర్లు కావాలి. లెక్క అయ్యాక పిల్లల్ని వరండాలోకి తీసుకెళ్లి, ప్రహరీ గోడ నుంచి 36 మీటర్లు అడుగులతో కొలిపిస్తాను. కొబ్బరి చెట్ల వరుస దాటి నీళ్ల ట్యాంకు దాకా వెళ్తారు. అక్కడ నిలబడి వెనక్కి చూసినప్పుడు వాళ్ల ముఖాలు మారతాయి. ఎల్ఎల్ఆర్ తీసుకునే ప్రతి మనిషీ ఒక్కసారి ఆ 36 మీటర్లు నడిస్తే చాలని నాకనిపిస్తుంది.

మా దారుల తీరు వేరని కూడా గమనించమని మనవి. ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట పుణ్యాన ఈ డెల్టాకు కాలువలు వచ్చాయి. కాలువల వెంట గట్లు వచ్చాయి. పడవలు లాగిన ఆ గట్లే తరువాత రోడ్లయ్యాయి. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లంలో చేను, మధ్యలో రెండు బండ్లు ఒరుసుకొని పోయేంత తారు, లాకుల దగ్గర హఠాత్తుగా మలుపు. వానాకాలంలో పుంతల్లోంచి ట్రాక్టర్లు తెచ్చిన రేగడి మట్టి ఆ తారు మీద పూతలా పడుతుంది. భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్లతో రోడ్డు నడివేసవిలో కూడా తడిసి ఉంటుంది. కత్తిపూడి నుంచి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా పోయే 216వ జాతీయ రహదారిపైకి ఇలాంటి గట్టు దారులు ఎక్కడికక్కడ వచ్చి కలుస్తాయి. గట్టు మీద ముప్పైలో పోయిన మనిషి ఒక్క మలుపు తిరిగేసరికి లారీల మధ్యన తేలతాడు. వెనక్కి తిరిగి చూసి, ఇండికేటరు వేసి, వేగం అంచనా కట్టి కలవడం ఎవరు నేర్పారు? అద్దం చూసుకోవడం మా కుర్రవాళ్లకు బాగా వచ్చు. కాకపోతే తల దువ్వుకోవడానికి. కొన్ని బండ్లకు అద్దాలే ఉండవు, అందం చెడుతుందని విప్పేస్తారు.

ఎల్ఎల్ఆర్ ప్రశ్నల సంగతి కొద్దిగా చెబుతాను. వాటిలో కొన్ని తెలుగు లిపిలో ఉన్నాయి గాని తెలుగు వాక్యాలుగా లేవు. ఇంగ్లీషులో ఆ ప్రశ్న ఏమై ఉంటుందో ఊహించుకొని జవాబు నొక్కాను. ఇంగ్లీషు రాని నా తోటికోడలు ఊహించుకోలేక తప్పు నొక్కింది. వాలు దారిలో ఎక్కుతున్న బండికీ దిగుతున్న బండికీ మధ్య ఎవరికి దారి ఇవ్వాలన్న ప్రశ్న ఉంది. ఎక్కే బండికే ఇవ్వాలి, సరే. కాని కోనసీమలో మాకు కొండంటే వంతెన ఎక్కడమే. ధాన్యం పరిచిన రోడ్డు మీద ఎలా పోవాలి, పొగమంచు పట్టిన సంక్రాంతి ఉదయం గట్టు మీద ఏ దీపం వేసుకోవాలి, కొబ్బరికాయల ట్రాక్టరును ఎప్పుడు దాటాలి, ఎప్పుడు దాటకూడదు అన్న ప్రశ్నలు కొన్ని మంచి తెలుగులో చేర్చడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇక పిల్లల విషయం. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. మా బడి ప్రహరీ పక్కన ఉన్న కొబ్బరితోటలో రోజూ ఉదయం ఏడెనిమిది బండ్లు నిలిపి ఉంటాయి. అవి తొమ్మిది, పది తరగతుల పిల్లలవి. ఉపాధ్యాయులమందరం చూస్తాం, చూడనట్టు లోపలికి వెళ్తాం. నేనూ అంతే. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు, ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు లైసెన్సు లేదు అని 2019లో చట్టానికి చేర్చిన 199ఏ సెక్షన్ చెబుతున్నది. తల్లిదండ్రుల సమావేశంలో దీన్ని చదివి వినిపించాను. ఒక తండ్రి లేచి, "బడి టైముకు బస్సు వెయ్యమనండి మేడం గారూ, రేపే బండి తాళం మీకిచ్చేస్తాను" అన్నారు. ఆయన అన్నది న్యాయమే, ఆయన చేస్తున్నది నేరమే. పదహారేళ్లకు నడపవచ్చని చట్టం చెప్పిన 50 సీసీ లోపు పెట్రోలు బండ్లు షోరూముల్లో కనబడటం ఏనాడో మానేశాయి. ఇప్పుడు వాటి స్థానంలో కరెంటు స్కూటర్లు వచ్చాయి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్నవాటికే లైసెన్సు అక్కరలేదన్న సంగతి తెలియక, కరెంటు బండి ఏదైనా పిల్లలకు ఇవ్వవచ్చని ఊళ్లో నమ్ముతున్నారు. ఇది మీ శాఖ గట్టిగా, బడి బడికీ వచ్చి చెప్పవలసిన మాట.

డబ్బు విషయం ఊళ్లో ఇంకా తొందరగా చెవికెక్కుతుంది గనుక, సమావేశంలో నేను బీమా సంగతి కూడా చెబుతుంటాను. యజమాని తానే నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి ఏర్పాటుగా ఉంది. అయితే నడిపిన యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. బండి తండ్రి పేరున ఉండి కొడుకు నడిపితే ఆ ఏర్పాటు కొడుకుకు వర్తించదు. గేర్లు లేని బండికి లైసెన్సు తీసుకొని గేర్ల బండి నడపడం కూడా లైసెన్సు లేకుండా నడపడమే. మా అమ్మాయిలు చాలామంది స్కూటర్ మీద పరీక్షకు వెళ్లి, తరువాత అన్నయ్య మోటారు సైకిల్ తీస్తుంటారు. లైసెన్సు మీద రాసి ఉన్న ఆ తేడాను వాళ్లకు చదివి చెప్పినవారు లేరు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 44.5 శాతమని కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక చెప్పింది. హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది, అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. ఇంతమంది పోతున్న బండికి ప్రత్యేకంగా శిక్షణ అక్కరలేదని, కారుకు మాత్రం కావాలని ఎలా నిర్ణయించుకున్నాం? 2021 జులై 1 నుంచి అమల్లో ఉన్న గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల నియమాల్లో తేలికపాటి మోటారు వాహనానికి నాలుగు వారాల లోపు 29 గంటల శిక్షణ, అందులో 21 గంటలు బండి మీద, 8 గంటలు పాఠం అని వివరంగా రాశారు. మా లంకల్లో కారున్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మోటారు సైకిలో, ఎక్సెల్ బండో లేని ఇల్లు కనబడదు.

అందుచేత నా మనవి ఇది. పరీక్షను తేలిక చేయమని నేను అడగడం లేదు. ఇంకొంచెం కష్టం చేయండి, దానికి ముందు నేర్పించండి. ఎల్ఎల్ఆర్ ఇచ్చే రోజునే ఒక చిన్న శిక్షణ పుస్తకం చేతికివ్వండి. అందులో హెల్మెట్ పట్టీ బిగించుకోవడం మొదలుకొని, నెమ్మదిగా తిప్పడం, రెండు బ్రేకులతో తిన్నగా ఆపడం, వెనక్కి చూసి మలుపు తీసుకోవడం, జారుడు నేల మీద వేగం తగ్గించడం, వెనక మనిషిని ఎక్కించుకున్నప్పుడు మారే బరువును సంబాళించడం వరకు ఒక్కొక్కటీ నేర్చుకున్నట్టు శిక్షకుడు సంతకం చేయాలి. ఆరు గంటల శిక్షణ చాలు. మూడు ఆదివారాల్లో అయిపోతుంది. స్థలం మా దగ్గరే ఉంది. ప్రతి మండలంలో ఉన్నత పాఠశాల ఆట స్థలాలు ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటాయి. కోతల కాలం కానప్పుడు మార్కెట్ యార్డుల సిమెంటు నేల కూడా ఖాళీయే. వాటి మీద ఎనిమిది అంకెను, ఆగవలసిన గీతలను శాశ్వతంగా గీయించండి. శిక్షకులుగా పీఈటీ మాస్టార్లకు, రిటైరైన ఆర్టీసీ డ్రైవర్లకు, బండి బాగా నడిపే ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు మీ ఇన్‌స్పెక్టర్లే వారం రోజులు తర్ఫీదు ఇవ్వవచ్చు. ఆడవాళ్లకు నేర్పడానికి ఆడవాళ్లుంటే, ఇప్పుడు రేవులో ఆటో కోసం కూర్చుంటున్నవారిలో సగం మంది ముందుకొస్తారు.

పరీక్షలో ఎనిమిదితో పాటు, 30 కిలోమీటర్ల వేగం నుంచి గీత దగ్గర ఆపడం, వెనక్కి చూసి పక్కకు తిరగడం చేర్చండి. తప్పినవారికి ఎందుకు తప్పారో ఒక్క వాక్యం రాసి ఇవ్వండి. సొంత బండి లేనివారి కోసం పరీక్షా స్థలంలో ఒక స్కూటర్, ఒక గేర్ల బండి ఉంచండి. ఇప్పుడు అప్పు తెచ్చిన, చేతికి అలవాటు లేని బండి మీద పరీక్షకు నిలబడుతున్నవారు ఉన్నారు. కేంద్ర నియమాల ప్రకారం ఎల్ఎల్ఆర్‌కు 150, దాని పరీక్షకు 50, డ్రైవింగ్ పరీక్షకు 300, లైసెన్సుకు 200 రూపాయలే రుసుములు. వాటి మీద కొద్దిగా సేవా రుసుము. అయినా దీనికి కొన్ని రెట్లు ఏజెంటు చేతిలో పోస్తున్నారంటే, అది దరఖాస్తు నింపడం రాక మాత్రమే కాదు, పరీక్షంటే భయపడి. నేర్చుకున్న మనిషికి ఏజెంటుతో పని ఉండదు.

మూడో నియమాన్ని ద్విచక్ర వాహనానికి సరిపోయేలా మార్చడం ఢిల్లీలో జరగవలసిన పని అని నాకు తెలుసు. మీ ద్వారా ఆ ప్రతిపాదన వెళ్లాలని కోరుతున్నాను. తక్కినవన్నీ ఒక జిల్లా అధికారి ఉత్తర్వుతో ఒక మండలంలో మొదలుపెట్టి చూడదగినవే అని నా నమ్మకం.

మొదలుపెట్టే మండలం మాదే కావచ్చు. మా ప్రధానోపాధ్యాయులు ఆదివారాలు ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు ఆట స్థలం వాడుకోవడానికి ఒప్పుకున్నారు. పీఈటీ మాస్టారు సిద్ధంగా ఉన్నారు. సున్నం బస్తా ఉంది, డజను కొబ్బరి డొక్కలున్నాయి, నేర్చుకోవడానికి పేర్లిచ్చిన పదకొండు మంది ఉన్నారు; వారిలో ఎనిమిది మంది ఆడవాళ్లు, ఒకరు మా తోటికోడలు. మీ శాఖ నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ గారు ఒక్క ఆదివారం వచ్చి, మేము గీసిన ఎనిమిది కొలతలు సరిగా ఉన్నాయో లేదో చూసి వెళ్తే చాలు. మొదటి పంటు అయిదున్నరకు కదులుతుంది.

ఇట్లు,
భవదీయురాలు,
కోనసీమలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని